రెండు సరియైన జవాబులు, ఒకే మార్కు

“ప్రసవానంతరం తీవ్ర రక్తస్రావం జరుగుచున్నది. నర్సు మొదట చేయవలసినదేమి?” సహాయానికి పిలుచుట, గర్భాశయాన్ని మర్దన చేయుట, రక్తపోటు చూచుట, సెలైన్ ఎక్కించుట: ఈ నాలుగింటిలో ఒక్కదానినే నర్సింగ్ విద్యార్థిని గుర్తించాలి.

మొదటి రెండూ ఒకే క్షణంలో జరగవలసిన పనులు. పెద్దాసుపత్రిలో పిలిస్తే పలికేవారుంటారు. బస్తర్‌లోని ఉసూర్ వంటి అటవీ ప్రాంతపు ఉపకేంద్రంలో ఒంటరిగా ఉన్న నర్సు, మర్దన ఆపకుండానే కేక వేయాలి. ఎక్కడ, ఎందరి తోడుతో అన్నది చెప్పని ప్రశ్నలో “మొదట” అనే మాటకు అర్థమేమిటి?

పాఠశాల పరీక్షలో పోయేది ఒక మార్కు. ఎయిమ్స్ 2020లో ప్రారంభించిన నార్సెట్ వంటి నియామక పరీక్షలో తప్పు జవాబుకు మూడవ వంతు మార్కు కోత కూడా పడుతుంది. అక్కడ ఒక్క అస్పష్టమైన ప్రశ్న ఉద్యోగాన్నే దూరం చేయగలదు.

పరీక్షలు వద్దని మేము అనడం లేదు. ప్రాణాలు కాపాడవలసిన వారికి గట్టి పరీక్ష ఉండవలసిందే. అయితే వార్డులలో పనిచేసే నర్సులు ప్రశ్నలను ముందుగా పరిశీలించాలి. జవాబుల పట్టికను ప్రకటించి అభ్యంతరాలు స్వీకరించాలి. రెండు జవాబులకు తావిచ్చే ప్రశ్నకు అందరికీ మార్కు ఇవ్వాలి. ప్రశ్నలోని తప్పుకు విద్యార్థినిని శిక్షించడం న్యాయం కాదు.