ఈ తలనొప్పి ఏ తలనొప్పి?

తలనొప్పి ఎరగని ఇల్లాలు మీ వీధిలో ఒక్కరైనా ఉన్నారేమో అడిగి చూడండి. ఒక పొయ్యిమీద పాలు పొంగుతుంటాయి, రెండో పొయ్యిమీద కుక్కర్ కూతపెడుతుంటుంది, పిల్లాడు సాక్సులు కనబడలేదని అరుస్తుంటాడు. సరిగ్గా అప్పుడే కణతల దగ్గర మొదలవుతుంది. గ్లాసుడు కాఫీ తాగేసి, తలకి గుడ్డ బిగించి కట్టుకుని, వీధి చివర కిరాణాకొట్లో అట్టనుంచి కత్తిరించి ఇచ్చే బిళ్ళ ఒకటి వేసుకుని పనిలో పడిపోతాం. ఆయనగారికి కాస్త నలతగా ఉంటే చాలు, డాక్టరు దగ్గరికి బయల్దేరదీస్తాం. మన దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఆ, తలనొప్పే కదా" అనేస్తాం.

నిజానికి తలనొప్పుల్లో చాలావాటికి ప్రమాదమేమీ ఉండదు. అయితే వాటిలోనే అప్పుడప్పుడు ప్రాణంమీదికి తెచ్చేవీ ఉంటాయి. తేడా ముందుగా తెలుసుకోవలసింది ఇంట్లో ఉండే మనమే. ఈ వారం ఆ సంగతులు చెప్పుకుందాం.

మన వైపు "పైత్యం చేసింది" అంటారు చూశారా? పొద్దున్నే ఒకపక్క తల నొప్పి మొదలై, మధ్యాహ్నానికి కన్ను లాగేసి, వెలుతురు చూడలేక, పోపు వాసన తగిలితే చాలు కడుపులో తిప్పేసి, చివరికి వాంతి అయ్యాక కాస్త నెమ్మదిస్తుంది. పైత్యం పడిపోయింది కనుక తగ్గిందని పెద్దవాళ్ళు అంటారు. డాక్టర్లు దీన్నే మైగ్రేన్ అంటారు. మన పాత మాట పార్శ్వనొప్పి. పేరుకి పార్శ్వమేగానీ, కొందరికి రెండు పక్కలా కూడా వస్తుంది. మందు వేసుకోకపోతే 4 గంటలనుంచి 72 గంటలదాకా, అంటే మూడు రోజులదాకా ఉండగలదు. మెట్లెక్కినా, వంగి ఇల్లు ఊడ్చినా ఎక్కువవుతుంది. ఇది పైత్యరసం వల్ల వచ్చేది కాదు. మెదడులోనూ, దాని చుట్టూ ఉన్న నరాల్లోనూ జరిగే మార్పువల్ల వస్తుంది. వాంతి ఈ జబ్బులో ఒక భాగమేగానీ జబ్బుకి కారణం కాదు. చాలామందికి తల్లివైపునుంచో తండ్రివైపునుంచో సంక్రమిస్తుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో సుమారు మూడు రెట్లు ఎక్కువ. కాబట్టి "పని తప్పించుకోవడానికి తలనొప్పి వంక" అని ఎవరైనా అంటే ఈ పేజీ తీసి చూపించండి.

మైగ్రేన్ ఉన్నవాళ్ళకి దాన్ని రేపెట్టేవి కొన్ని ఉంటాయి. ఒకరికి రేపెట్టింది ఇంకొకరిని ఏమీ చెయ్యకపోవచ్చు. ఘాటైన వాసనలు వాటిలో ఒకటి. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ మార్కెట్టు దగ్గర కాపురముండేవాళ్ళకి, కొల్లేటి ఊళ్ళల్లో ఎండుచేపల మధ్య మెలిగేవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. అగరొత్తులు, పెళ్ళిళ్ళలో చల్లే సెంటు, లారీల పొగ కూడా అంతే. మే నెల ఎండ సరేసరి. నిద్ర తక్కువైనా వస్తుంది, ఆదివారం పొద్దెక్కేదాకా పడుకున్నా వస్తుంది. నెలసరికి రెండు రోజులముందు మొదలై మూడోరోజుదాకా వేధించేది కొందరికి నెలనెలా తప్పదు. ఆ రోజుల్లో ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను ఒక్కసారిగా తగ్గడమే దానికి కారణం.

ఇక్కడొక ముఖ్యమైన మాట. నొప్పి మొదలయ్యేముందు కళ్ళముందు మెరుపుగీతలు, వంకరటింకర వెలుగులు కనబడటం, లేదా సగం చూపు మసకబారటం కొందరికి ఉంటుంది. అలాంటివారు పిల్లలు పుట్టకుండా వేసుకునే ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు వాడకూడదు. పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుంది. మాత్రలు రాసే డాక్టరుకి ఈ మెరుపుల సంగతి మీరే చెప్పాలి. ఆవిడ అడగడం మర్చిపోయినా సరే.

ఇక అన్నిటికంటే ఎక్కువగా మన ఇళ్ళల్లో తలనొప్పి తెచ్చేది ఆకలి. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, మధ్యాహ్నం మూడింటికి మిగిలిందేదో తినే అలవాటు మనది. పైగా శనివారం ఒంటిపూట, కార్తీక సోమవారం నక్తం. దేవుడిమీద భక్తి ఉండవలసిందే, నేను కాదనను. మైగ్రేన్ ఉన్నవాళ్ళు మాత్రం పాలో, పండో, మజ్జిగో మధ్యమధ్యలో పుచ్చుకుంటూ ఉపవాసముంటే ఏ దేవుడూ కోప్పడడు. రోజూ రెండు మూడుసార్లు కాఫీ తాగేవాళ్ళు ఉపవాసంరోజున హఠాత్తుగా మానేస్తే ఆ కాఫీ లేకపోవడంవల్లే తల పగిలిపోతుంది. ముందు వారంనుంచే ఒక్కో గ్లాసు తగ్గించుకుంటూ రావాలి.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. కొల్లేటి లంక గ్రామాల్లో చుట్టూ నీళ్ళే, తాగేనీళ్ళు మాత్రం డబ్బాలతో తెచ్చుకోవాలి. కష్టపడి తెచ్చుకున్న నీళ్ళు కదా, పిల్లలకీ మగవాళ్ళకీ పెట్టి ఆడవాళ్ళు పొదుపు చేసేస్తారు. చేపల చెరువులమీదికి, రొయ్యల షెడ్లకి పనికి వెళ్ళేవాళ్ళు మరుగు లేదని నీళ్ళే తాగరు. సాయంత్రానికి తల బరువెక్కిందంటే ఎక్కదూ మరి?

ఇంకో రకం ఉంది. తలచుట్టూ తాడు బిగించి కట్టినట్టు, నెత్తిమీద బిందె పెట్టినట్టు ఉంటుంది. రెండు పక్కలా ఒకేలా నొప్పి, వాంతి ఉండదు, పని చేసుకోగలుగుతాం. ఇది కండరాల బిగువువల్ల, మనసులోని ఒత్తిడివల్ల వచ్చేది. అందరిలోనూ ఎక్కువగా కనిపించే తలనొప్పి ఇదే. మెడ వంచి మిషను కుట్టేవాళ్ళకీ, తివాచీలకి పేరుపడిన ఏలూరులో మగ్గంముందు కూర్చునేవాళ్ళకీ, ఈమధ్య సెల్‌ఫోనుమీదికి ఒంగిపోయేవాళ్ళకీ మెడ వెనకనుంచి పాకుతుంది. గంటకోసారి లేచి, భుజాలు తిప్పి, మెడకి వేడినీళ్ళ గుడ్డ కాపడం పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. నలభై దాటాక సూదిలో దారం ఎక్కించలేక చెయ్యి దూరంగా పెడుతున్నారంటే అది చత్వారం. కళ్ళద్దాలు పెట్టుకోండి. ముసలివాళ్ళమయ్యామని ఎవరూ అనుకోరు.

సైనస్ అని మనం చెప్పుకునేవాటిలో చాలావరకు అసలు మైగ్రేన్లే. ముక్కునుంచి పచ్చగా చీమిడి, జ్వరం ఉంటేనే సైనస్‌ని అనుమానించాలి.

సరే, బిళ్ళ సంగతికి వద్దాం. అప్పుడప్పుడు వేసుకునే పారాసిటమాల్ మంచి మందే. నొప్పి మొదట్లోనే, ఏదైనా తిని, గ్లాసుడు నీళ్ళతో వేసుకుంటే బాగా పనిచేస్తుంది. నొప్పి ముదిరాక వేసుకుంటే అంత గుణం కనబడదు. గర్భిణులు, కడుపులో పుండున్నవాళ్ళు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టరు చెప్పనిదే వేరే నొప్పి బిళ్ళల జోలికి పోకూడదు.

చిక్కల్లా రోజూ వేసుకోవడంతోనే. నెలలో 15 రోజులు, అంతకుమించి మామూలు నొప్పి బిళ్ళలు వేసుకుంటూ మూడు నెలలు దాటితే ఆ బిళ్ళే తలనొప్పి తెస్తుంది! కెఫీన్‌లాంటివి కలిపిన రెండు మూడు మందుల బిళ్ళలైతే నెలకి 10 రోజులు చాలు. పొద్దున్న లేస్తూనే తలనొప్పి, బిళ్ళ వేస్తే తగ్గడం, దాని ప్రభావం పోగానే మళ్ళీ రావడం. "నాకు ఆ బిళ్ళ లేకపోతే గడవదు" అని పోపులడబ్బాలో అట్టలు దాచుకునే ఆడవాళ్ళు మనలో ఎంతమంది లేరు? ఇది వాళ్ళ తప్పుకాదు. కొట్టువాడు చెప్పడు, బిళ్ళ అట్టమీద అక్షరాలు మన కంటికి ఆనవు. డాక్టరు సలహాతో ఆ బిళ్ళలు మాన్పిస్తే మొదట కొన్ని రోజులు నొప్పి ఎక్కువవుతుంది. ఇంట్లోవాళ్ళు పని పంచుకోవలసింది ఆ రోజుల్లోనే. తర్వాత చాలామందికి తేలికపడుతుంది. నెలలో నాలుగైదుసార్లు మంచం పట్టించే మైగ్రేన్ ఉంటే, నొప్పి రాకుండానే ఆపే మందులు వేరే ఉన్నాయి. వాటిని కొన్ని నెలలు వాడాలి, డాక్టరే రాయాలి.

మీకెన్నిసార్లు వస్తుందో తెలుసుకోవడం సులువే. పాలలెక్క రాసుకునే గోడ క్యాలెండరు ఉందిగా? తలనొప్పి వచ్చినరోజు ఒక సున్నా, బిళ్ళ వేసుకుంటే సున్నాలో చుక్క, నెలసరి రోజున ఒక గీత. ముందురోజు ఉపవాసమో, ఎండలో ప్రయాణమో ఉంటే ఒక ముక్క పక్కన రాయండి. మూడు నెలల కాగితాలు చింపి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్తే, స్కానింగ్‌కంటే ముందు ఆయనకి అక్కరకొచ్చేది అదే.

చిట్కాల మాటేమిటంటారా? చీకటిగదిలో పడుకుని నుదుటిమీద చన్నీళ్ళ గుడ్డ వేసుకోవడం మైగ్రేన్‌కి మంచిదే. శొంఠిగంధం పట్టు కొందరికి హాయిగా ఉంటుంది, చర్మం మండితే వెంటనే కడిగెయ్యండి. అమృతాంజనం మన తెలుగువాడిదే. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. ఆ రాబడితోనే తెలుగువాళ్ళకి ఆంధ్రపత్రిక పెట్టి చదువు నేర్పారు. రాసుకుంటే చల్లగా ఉండి నొప్పిమీద ధ్యాస మళ్ళుతుంది. పసిపిల్లలకి మాత్రం ముక్కు దగ్గర రాయకండి. దిష్టి తీయించుకోవాలనుంటే తీయించుకోండి, ఉప్పూ మిరపకాయలే కదా పోయేది. కాకపోతే ఇప్పుడు చెప్పబోయే లక్షణాలు ఉంటే దిష్టి తీస్తూ కూర్చోకండి.

ఏలూరువాళ్ళు 2020 డిసెంబరు మర్చిపోలేరు. వన్‌టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరగడం. కొద్దిరోజుల్లోనే ఆరువందలమందికి పైగా ఆసుపత్రికి చేరారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. పురుగుమందుల అవశేషాలమీద కూడా నిపుణులు దృష్టి పెట్టారు. ఆరోజు ఎవరూ "తలనొప్పే కదా" అనలేదు, పరుగున తీసుకెళ్ళారు. చాలామంది త్వరగానే కోలుకుని ఇళ్ళకొచ్చారు. ఊరంతటికీ వచ్చినప్పుడు కనబరిచిన ఆ తొందర, ఒక్క ఇల్లాలికి వచ్చినప్పుడు కూడా ఉండాలి.

తలనొప్పితోపాటు ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా ఆగకండి. జీవితంలో ఎన్నడూ ఎరగనంత నొప్పి పిడుగుపడ్డట్టు క్షణాల్లో వస్తే ఆగకండి. జ్వరంతో మెడ వంగకపోయినా, తలకి దెబ్బ తగిలాక నొప్పి పెరుగుతున్నా, కన్ను ఎర్రబడి చూపు మసకైనా అంతే. యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పిని కూడా డాక్టరుకి చూపించాలి. 108కి ఫోను చేయండి.

గర్భిణికి అయిదోనెల దాటాక తలనొప్పి వచ్చి, మొహం చేతులు వాచి, కళ్ళు మసకలైతే ఆ రోజే బి.పి. చూపించాలి. రేపు పొద్దున్న అనకూడదు.

ఇక బాలింత. ఈ మాట అత్తగార్లకీ, అమ్మలకీ ప్రత్యేకంగా చెబుతున్నాను. ఒళ్ళు వస్తుందనో, పొట్ట జారుతుందనో, బిడ్డకి జలుబు చేస్తుందనో బాలింతకి నీళ్ళు కొలిచి ఇచ్చే పథ్యం ఇంకా కొన్ని ఇళ్ళల్లో ఉంది. కాన్పు తర్వాత ఆరువారాలదాకా రక్తం మామూలుకంటే తేలిగ్గా గడ్డకడుతుంది. అలాంటప్పుడు ఒంట్లో నీళ్ళు తగ్గితే మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఇంకా పెరుగుతుంది. మొదట కనబడేది తలనొప్పే. రోజురోజుకీ పెరుగుతుంది, వాంతులవుతాయి, చూపు మసకబారుతుంది, తర్వాత ఫిట్స్ రావచ్చు. "బాలింత గాలి" అనో, "నిద్ర చాలక" అనో సరిపెట్టుకుని మూడురోజులు ఆలస్యం చేస్తే ముప్పు ముదురుతుంది. సకాలంలో వెళితే గడ్డ పెరగకుండా చేసే మందులున్నాయి, చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఆపరేషనుకి నడుములో మత్తుసూది వేయించుకున్న బాలింతకి లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే తగ్గడం ఉంటే అది సూదివల్ల వచ్చింది కావచ్చు. అదీ ఆసుపత్రిలో చెప్పాలి.

కాచి చల్లార్చిన నీళ్ళు చెంబుతో ఆ పిల్ల మంచంపక్కనే పెట్టండి. పాలిచ్చినప్పుడల్లా ఒక గ్లాసు తాగమనండి. పథ్యంలో వెల్లుల్లి కారం, కందిపొడి, నెయ్యి ఎలాగూ పెడతారు. వాటితోపాటే ఈ నీళ్ళు కూడా.

చత్వారం కళ్ళద్దాల గురించి ఉత్తరాలు రాసినవాళ్ళకి జవాబులు వచ్చేవారం.