మంచుకొండకు వెళ్లేముందు



యూరప్‌లో ఉద్యోగాలు చేసుకొనే మన పిల్లలు కొందరు, సెలవులకు అమ్మానాన్నలను మంచుకొండల మీదికి రమ్మంటున్నారు. కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకొని మంచుమీద జారే ఆటను స్కీయింగ్ అంటారు. సంతోషమే! అయితే టిక్కెట్లకన్నా ముందు ఎత్తును గురించి ఆలోచించాలి.

స్విట్జర్లాండులోని జెర్మట్ ఊరే 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడినుండి తీగలమీద నడిచే కేబుల్ కారు 3,883 మీటర్లకు చేరుస్తుంది. అంత ఎత్తున మనకందే ప్రాణవాయువు, కోస్తాలో అందేదానిలో మూడింట రెండు వంతులకు కూడా రాదు. తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తే ఓర్చుకొని కూర్చోవడం మొండితనమే గాని ధైర్యం కాదు. వెంటనే కిందికి దిగాలి. గుండెజబ్బున్న పెద్దలు, చంటిబిడ్డల తల్లులు ముందే డాక్టరునడగాలి. మొదటి రెండు రాత్రులు ఊళ్లోనే ఉండి, తర్వాత పైకి పోవడం మేలు.

నల్లకళ్లద్దాలు సోకు కోసం కాదు. కొత్త మంచు తనపై పడిన అతినీలలోహిత కిరణాలలో 80 శాతం వరకు తిప్పికొడుతుంది. స్కీలు, బూట్లు అక్కడే అద్దెకు దొరుకుతాయి, కొనకండి. గుర్తులు పెట్టిన దారి దాటవద్దు. హిమానీనదంలోని లోతైన పగుళ్లను పలుచని మంచు కప్పివేస్తుంది, కంటికి కనబడవు.

వేసవిలోనూ అక్కడ జారవచ్చునని విని, డబ్బు తిరిగిరాని టిక్కెట్లు కొనకండి. 2022 జూలై చివర మంచు చాలక ఆ ఆటను ఆపివేశారు. 2022, 2023 రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాలు పదోవంతు కరిగిపోయాయి. బయలుదేరే వారం ఏ వాలు తెరిచి ఉందో పిల్లలచేత కనుక్కోండి.