పట్టా నేరమా?

ప్యూను ఉద్యోగానికి ఇంటర్మీడియట్ చదివినవారే అర్హులనీ, పట్టభద్రులు పనికిరారనీ ఒక ప్రభుత్వరంగ బ్యాంకు ప్రకటించింది. ఒడిశా యువకుడొకడు తన పట్టాను దాచి ఎంపికయ్యాడు. సంగతి బయటపడగా బ్యాంకు అతనిని విధులలో చేరనివ్వలేదు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు బ్యాంకు నిర్ణయాన్నే సమర్థించింది. దాచడం తప్పే. కాని చదువును దాచుకోవలసిన దుస్థితిని కల్పించిన వారెవరు?

2018లో రైల్వేలు సుమారు 90 వేల ఉద్యోగాలకు ప్రకటన ఇవ్వగా రెండు కోట్లకు పైగా దరఖాస్తులు వచ్చిపడ్డాయి. వాటిలో పదవ తరగతి అర్హత చాలునన్న గ్రూప్ డి కొలువులకు సైతం పట్టభద్రులు బారులు తీరారు. పెద్ద చదువులవారు వచ్చి పేదబిడ్డల నోటికాడి కూడు తన్నుకుపోతున్నారని కొందరు సోదరులు వాపోతున్నారు. ఆ ఆవేదన నిజమైనదే. కాని మన శత్రువు ఆ పట్టభద్రుడు కాడు. పోస్టులను ఏండ్ల తరబడి ఖాళీగా ఉంచే విధానమే ఆ ఇద్దరినీ ఒకే వాకిట పోటీకి నిలబెట్టింది.

కావున ఖాళీలన్నింటినీ తక్షణమే భర్తీ చేయాలి. క్రింది శ్రేణిలో చేరిన విద్యావంతులకు శాఖాపరీక్షలను ఏటా సకాలంలో జరిపి, పై మెట్టుకు దారి చూపాలి. పట్టా చేతబట్టి ట్రాకు పనికో, తపాలా సంచి మోయుటకో వచ్చిన సోదరుని ఎగతాళి చేయక, యూనియన్‌లోకి ఆహ్వానిద్దాం. అతని చదువు మన పోరాటానికి బలం కావాలి.