దూరవిద్య డిగ్రీ చెల్లదని ఎవరన్నారు?

సంపాదకులకు,

గత ఆదివారం ‘నలభైలో డిగ్రీ’ వ్యాసంలో దూరవిద్య పట్టా ఉద్యోగాలకు చెల్లదని, ఆ వయసులో చదవాలంటే ప్రైవేటు సంస్థకు వేలకు వేలు పోయక తప్పదని రాశారు. రెండూ తప్పే.

గుర్తింపు ఉన్న సంస్థల దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 సెప్టెంబరులోనే స్పష్టం చేసింది. ఆ కోర్సుకు, ఆ ఏడాదికి యూజీసీ అనుమతి ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఇక ఖర్చంటారా? ప్రైవేటు సంస్థ గడప తొక్కనక్కర్లేదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది తెలుగు నేల మీదే. నేటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. చాలా ఊళ్లలో ప్రభుత్వ కళాశాలలోనే దాని అధ్యయన కేంద్రం ఉంటుంది. 1985లో వచ్చిన జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోలో చేరడానికి గరిష్ఠ వయోపరిమితి లేదు. అక్కడ మూడేళ్ల బీఏను ఆరేళ్లలోపు నిదానంగా పూర్తి చేయొచ్చు. పెళ్లితో రెండో ఏడాదిలో చదువు ఆపేసిన నేను, పిల్లల ఫీజులు కట్టగా మిగిలిన జీతంతోనే ఇలా దూరవిద్యలో బీఏ పూర్తిచేశాను.

మీరు హెచ్చరించాల్సింది ‘ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ’ అంటూ గోడల మీద అంటించే మోసపు కాగితాల గురించి. వాటి మీద మీ వ్యాసంలో ఒక్క ముక్కా లేదు.

– బట్టల దుకాణంలో క్యాషియర్‌గా పనిచేసే ఒక పాఠకురాలు, ఖమ్మం