లోపల బల్ల సరే, బయట డబ్బా వద్దు



మా బడంగ్‌పేట్, నాదర్‌గుల్, బాలాపూర్ వైపు థార్‌లు, జిమ్నీల వంటి జీపు తరహా బండ్లు బాగా పెరిగాయి. ఆదివారం వచ్చిందంటే ఏదో ఒక ఇంటి ముందు డ్రిల్లు మోత. బండి వెనక తలుపుకు ఏదో బిగిస్తుంటారు. ‘నా బండి, నా ఇష్టం’ అనేవాళ్లు కొందరు. ఒక్క మర విప్పినా నేరమేనని బెదిరించేవాళ్లు కొందరు. అన్నిటినీ ఇలా ఒకే గాటన కట్టడం సరికాదు. తలుపు లోపలి వైపు ఏం చేసుకున్నా యజమాని ఇష్టం. బయటి వైపు మాత్రం మన వెనక వచ్చేవాళ్లకూ లెక్క ఉంది.

లోపల చేసేదేమిటి? ప్లాస్టిక్ ప్యానెల్ విప్పి, అక్కడ అల్యూమినియం రేకో ప్లైవుడ్డో బిగించి, మడత బల్ల అమర్చుకుంటారు. అనంతగిరికి వెళ్లినప్పుడు స్టవ్వు పెట్టుకోవడానికి, ఉల్లిగడ్డలు కోసుకోవడానికి. ఇదేం కొత్త సరదా కాదు. పాత జీపుల వెనక తలుపు గొలుసుల మీద కిందికి వాలేది, పొలం దగ్గర సద్ది విప్పుకోవడానికి అదే బల్ల. ఇప్పటి బండ్లలో స్టెప్నీ తలుపు మీదికి ఎక్కింది, తలుపు పక్కకు తెరుచుకుంటోంది, బల్ల పోయింది. దాన్నే ఇంట్లో మళ్లీ చేసుకుంటున్నారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వివరణ ప్రకారం మార్పు అంటే బండి నిర్మాణం మారి, దాని మౌలిక స్వరూపమే మారిపోవడం. మడత బల్ల పెడితే ఏ స్వరూపం మారింది? కాకపోతే తలుపు అడుగున నీళ్లు కారే బెజ్జాలు మూయకండి, కొత్తగా వేసిన బెజ్జాల అంచులకు ప్రైమర్ పూయండి. లేకపోతే తుప్పు మొదలయ్యేది అక్కడే.

బయటి సంగతి వేరు. పక్కకు తెరుచుకునే తలుపు బరువంతా ఒక వైపు మడతబందులే మోయాలి. స్టెప్నీ ఎలాగూ వాటికే వేలాడుతోంది. దానికి తోడు ఇరవై లీటర్ల డబ్బా తగిలిస్తే, నీళ్లే ఇరవై కిలోలు. బండి గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ కుదుపు బందుల దగ్గరి రేకు మీదే పడుతుంది, చివరికి అది పగులుతుంది. తలుపు కోసి, వెల్డింగ్ పెట్టించి స్టాండు నిలబెట్టేవాళ్లూ ఉన్నారు. డీజిల్ డబ్బా అయితే చెప్పనే అక్కర్లేదు, శ్రీశైలం రోడ్డులో వెనక నుంచి ఏ టిప్పరో తగిలితే ముందు నలిగేది అదే. బ్రేకు లైటు, నంబరు ప్లేటు కూడా ఈ సరంజామా చాటుకు పోతాయి. పాదచారులకు ప్రమాదమని ముందు బంపర్లకు బిగించే బుల్ బార్ల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. వెనక వేలాడేవాటికి ఆ తర్కం ఎందుకు వర్తించదు?

తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. అదే ఏడాది చట్ట సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. శిక్ష ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు తప్పేదో కూడా అంతే స్పష్టంగా చెప్పాలి కదా! ఏ మార్పుకు అనుమతి అక్కర్లేదు, దేనికి కావాలి, ఏది అసలే కుదరదు అన్నది రవాణా శాఖ ఒక్క పేజీలో, తెలుగులో, ప్రతి ఆర్టీఏ కార్యాలయం గోడ మీద అంటించాలి. ఈలోగా తలుపుకు నీళ్ల డబ్బా తగిలించుకున్నవాళ్లు దాన్ని తీసి, బండి లోపల అడుగున కట్టుకోవాలని మనవి.

— ఒక పాఠకుడు, బడంగ్‌పేట్