విద్యుత్తు కారులు – వేళను బట్టి ధర

శ్రీశైలమునకు బోవు అడవిదారిని రాత్రివేళ అటవీశాఖవారు మూసివేయుదురు గనుక, ప్రొద్దుపోయి పెద్దదోర్నాల చేరిన యాత్రికుని వాహనము తెల్లవారువఱకు అచ్చటనే నిలిచియుండవలసినదే. విద్యుత్తు కారునకు కరెంటు ఎక్కించుకొనుట కింతకంటె తీరికైన వేళ దొరకదు. అయినను ఆ రాత్రి యెక్కిన కరెంటున కే ధర పడునో, ఇంటి గోడకే యంత్రమును బిగించుకొనవలయునో విచారింపకయే కారును గొని, పిదప బిల్లును జూచి విస్తుపోవుట వివేకవంతులైన గృహస్థులకు తగినది కాదు.

ఇంగ్లండు మొదలగు దేశములలో అర్ధరాత్రి దాటిన పిమ్మట కరెంటు చౌకగా దొరకు ఏర్పాట్లు గలవు. ఇంటి ముంగిట నిలిచిన కారు ఆ వేళకు తానే మేల్కొని మేత మేయును. అచ్చట నుద్యోగములు చేయుచున్న మన పిల్లలు తలిదండ్రులకు చెప్పు సలహాయును ఇదియే. కాని మన సామాన్య గృహస్థుని బిల్లును పెంచునది వేళ కాదు, పరిమాణము. 2022 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన పట్టిక ప్రకారము నెలకు మొదటి 30 యూనిట్లకు రూ. 1.90 చొప్పునను, 75 వఱకు రూ. 3.00, 125 వఱకు రూ. 4.50, 225 వఱకు రూ. 6.00, 400 వఱకు రూ. 8.75, అటుపైన రూ. 9.75 చొప్పునను ధర మెట్లెక్కుచు పోవును.

నెలకు వేయి కిలోమీటర్లు తిరుగు చిన్నకారు సుమారు 150 యూనిట్లు త్రాగుననుకొందము. నెలకు 75 యూనిట్లు వాడు ఇంటిలో ఈ అదనపు కరెంటు రూ. 825 లకు వచ్చును, యూనిటునకు రూ. 5.50 మాత్రమే. శీతలయంత్రమును పెట్టుకొని 250 యూనిట్లు వాడు ఇంటిలో అదే కరెంటునకు రూ. 1,312 దాటును. కారుల కొఱకు వేఱుగా నిర్ణయింపబడిన ధర అదే పట్టికలో రూ. 6.70. గృహస్థుడు తన కారునకు ప్రత్యేకముగ కనెక్షను పొందవచ్చునని 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము నియమములను సవరించినది. కావున పెద్దయింటివారికి రెండవ మీటరు లాభము, చిన్నయింటివారికి నష్టము. స్థిర రుసుములను, ఇంధన సర్దుబాటు పేరిట నెలనెలయు వచ్చి చేరు మొత్తములను గూడ బిల్లు దగ్గఱ నుంచుకొని లెక్కవేసికొనవలయును. ఈ పాటి కూడికలను దుకాణదారునికి విడిచిపెట్టరాదు.

ఇక యంత్రము సంగతి. దినమునకు 40 కిలోమీటర్లు తిరుగు కారునకు 6 యూనిట్లు చాలును. సాధారణమైన 16 ఆంపియర్ల సాకెట్టు గంటకు 3 యూనిట్లకు పైగా నిచ్చును. రెండు గంటలలో పని తీఱును. 32 ఆంపియర్లు లాగు 7 కిలోవాట్ల ఛార్జరు నింటింట బిగించుట ఆడంబరమే. దానికై మంజూరైన లోడును పెంచుకొనవలయును. పాత తీగలను మార్చవలయును. పల్లెలో సాయంకాలపు ఓల్టేజి దానికి తట్టుకొనునా యను సందేహము వేఱొకటి. ఆ డబ్బులో కొంత మంచి ఎర్తింగుపై వెచ్చించినచో ప్రాణరక్షణ మగును. మార్కాపురము చుట్టుపట్ల పలకరాతి నేలలలో ఎండకాలమున తేమ యుండదు. తేమలేని యెర్తింగు పేరునకే యెర్తింగు.

తోటలోని మోటారు కనెక్షనునుండి తీగ లాగి కారునకు తగిలించిన సరిపోవును గదా యని తలంచువారును లేకపోలేదు. 2004 నుండి రైతునకు ఉచితముగ నిచ్చుచున్న ఆ కరెంటు పైరు కొఱకు ఉద్దేశింపబడినది. ఒక పనికై యిచ్చిన కరెంటును మఱియొకదానికి వాడినయెడల 2003 విద్యుచ్ఛాసనపు 126 వ సెక్షను క్రింద రెండింతల ధర వసూలు చేయుదురు. శాసనము మాట యటుండ, బోరుబావినే నమ్ముకొనిన ఈ మెట్టసీమలో ఒక ట్రాన్సుఫార్మరుపై పది మోటారులు బ్రతుకుచుండగా భూస్వామి కారు వచ్చి వరుసలో నిలుచుట యే ధర్మము?

వేళను బట్టి ధర యనునది మనకును రానున్నది. 2023 జూనులో కేంద్రము చేసిన నియమముల ప్రకారము వ్యవసాయము తప్ప తక్కిన వినియోగదారులకు 2025 ఏప్రిలు 1 నుండి, స్మార్టు మీటరు పెట్టిన పిదప, ఈ పద్ధతి వర్తింపవలసియున్నది. అందులో చౌకవేళ అర్ధరాత్రి కాదు, పట్టపగలు. ఎండ కాయు ఎనిమిది గంటలు సాధారణ ధరకంటె నూటికి 20 వంతులైనను తగ్గవలయును. రద్దీవేళ ఇండ్లకు నూటికి 10 వంతులకు తగ్గకుండ హెచ్చవలయును. కారణము స్పష్టమే. కర్నూలు సౌరక్షేత్రపు వేయి మెగావాట్లు మిట్టమధ్యాహ్నము పొంగిపొరలి, సంజవేళకు శూన్యమగును. దీపములు, పంకాలు మొదలగునదియు అప్పుడే. శ్రీశైలము కుడిగట్టున 770 మెగావాట్ల యంత్రములున్నను, జలాశయమున నీరున్ననే గదా అవి తిరుగుట! పగలు కారు ఇంటనే యుండు రైతునకు ఈ ధర వరము. ఉదయము కచ్చేరికి బోయి సాయంకాలము తిరిగివచ్చు పట్టణవాసికి అంత లాభము లేదు. అతనికి కచ్చేరి ఆవరణలో సాకెట్టు కావలయును.

స్వంత మిద్దెపై 3 కిలోవాట్ల సౌరఫలకములు పెట్టుకొనువారికి 2024 నుండి కేంద్రము రూ. 78,000 సహాయము చేయుచున్నది. అవి దినమునకు సుమారు 12 యూనిట్లిచ్చును; కారు పోను ఇంటికిని మిగులును. కావలసిన ముడినూనెలో అధికభాగమును పరదేశములనుండి కొనుచున్న దేశమునకు ఇంతకుమించిన స్వదేశీవ్రతము వేఱొకటి యేమున్నది?

కాని సాయంకాలపు హెచ్చుధర విషయమున విద్యుత్తు నియంత్రణ మండలివారు మిక్కిలి జాగరూకత వహింపవలయును. కారు గలవాడు తన వేళను మార్చుకొనగలడు. రెండు దీపములు, ఒక పంకా గల యింటి యిల్లాలు వంటను మధ్యాహ్నమునకు మార్చుకొనగలదేమో గాని చీకటిని మార్చుకొనలేదు. నెలకు 125 యూనిట్లకు లోబడిన యిండ్లను ఆ హెచ్చుధరనుండి పూర్తిగా మినహాయింపుడు. పగటి తగ్గింపును మాత్రము స్మార్టు మీటరు బిగించిన నెలనుండియే, అడిగించుకొనక, ప్రతి యింటి బిల్లులోను చూపుడు. ఆ వేళలెవ్వియో తెలుగున అచ్చువేయించి పెద్దదోర్నాల, యఱ్ఱగొండపాలెము, గిద్దలూరులలోని సచివాలయముల గోడలపై అంటింపుడు.