ట్రెండ్‌ని బట్టి లాంగు, ట్రెండ్‌ని బట్టి షార్టు... ఎవరికండీ ఈ కబుర్లు?

మా ఆఫీసు క్యాంటీన్లో రోజూ వినబడే మాట ఇది. "మార్కెట్ పెరుగుతుంటే లాంగ్ ఎక్కువ పెట్టు, పడుతుంటే షార్ట్ ఎక్కువ పెట్టు. ఎటు పోయినా డబ్బులే!" ఎండొస్తే టోపీ, వానొస్తే గొడుగు అన్నంత తేలిగ్గా చెప్పేస్తారు. కాకపోతే వాన పడుతోందో లేదో కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది. ట్రెండు మారిందని మాత్రం మారిపోయాకే తెలుస్తుంది.

నేనేం ఒడ్డున కూర్చుని చెప్పట్లేదు లెండి. 2024లో ఇదే సూత్రంతో పైథాన్‌లో ఓ ప్రోగ్రాం రాసుకున్నా. పాత డేటా మీద నడిపితే లాభాలే లాభాలు. జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ 3 శాతం పైగా పెరిగింది. ట్రెండు పైకేగా! ఉన్న షార్టులన్నీ తీసేసి, 23,250 దగ్గర రెండు లాట్ల ఫ్యూచర్స్ కొన్నా. మర్నాడు ఎన్నికల ఫలితాలు. నిఫ్టీ దాదాపు 6 శాతం కూలింది. భయపడి 21,550 దగ్గర అమ్మేసి, సూత్రం ప్రకారం షార్ట్‌కి తిరిగా. జూన్ 5న మళ్ళీ 3 శాతం పైకి! మొత్తం మీద లక్షా ముప్పై అయిదు వేలు హుష్‌కాకి. అసలేమీ చెయ్యకుండా పడుకున్నవాడు మాత్రం జూన్ 7కల్లా జూన్ 3 స్థాయి దాటేశాడు.

ఆ తర్వాత కోడ్ తీసి చూస్తే తెలిసింది. సాయంత్రం ముగింపు ధర చూసి, అదే రోజు పొద్దున కొన్నట్టు లెక్కేస్తోంది నా ప్రోగ్రాం. పరీక్ష పేపరు ముందే చూసి రాస్తే ఎవడికి రాదు ఫస్ట్ ర్యాంకు?

"స్టాప్ లాస్ పెట్టుకోవాలి బాసూ" అంటారు. జూన్ 3 పొద్దున్న మార్కెట్ తెరుచుకోవడమే దాదాపు 800 పాయింట్లు పైన. ముందురోజుల్నుంచి షార్ట్ మోస్తున్నవాడి స్టాప్ లాస్ ఏ ధరకి పని చేస్తుందండీ?

అసలు లాంగ్-షార్ట్ ఫండ్‌కి ఆద్యుడు ఆల్‌ఫ్రెడ్ విన్‌స్లో జోన్స్. 1949లో అమెరికాలో లక్ష డాలర్లతో మొదలెట్టాడు, అందులో 40 వేలు సొంతం. మంచివనుకున్న షేర్లు కొని, నాసివనుకున్నవి షార్ట్ కొట్టేవాడు. మార్కెట్ ఎటు పోయినా తట్టుకోడానికే ఆ షార్టులు. అంతటివాడూ ట్రెండుని పట్టబోయి 1962లో లాంగులు బాగా పెంచుకుని ఉండగా మార్కెట్ కూలింది. దెబ్బ తిని షార్ట్ వైపు మొగ్గితే, మార్కెట్ కోలుకుంది. అచ్చం నా కథే. ఆయన్ని నిలబెట్టింది షేర్ల ఎంపిక, ట్రెండు జోస్యం కాదు.

సెబీ 2024 సెప్టెంబర్లో చెప్పిన లెక్క చూడండి. మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ ఆడిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతానికి నష్టమే. 2023-24లో ఆడినవాళ్ళలో 43 శాతం ముప్ఫయ్యేళ్ళ లోపు వాళ్ళు, అంటే మనమే. అదే ఏడాది విదేశీ సంస్థల లాభాల్లో 97 శాతం ఆల్గోలతో వచ్చింది. స్టాండప్ మీటింగ్‌లో టేబుల్ కింద ఫోన్ పెట్టుకుని మనం ఆడేది ఎవరితోనో అర్థమవుతోందా?

చేతిలో ఉన్న షేర్లకి బీమాగా కొంత షార్ట్ పెట్టుకుంటానంటే నాకేం పేచీ లేదు. ఎంతో ముందే తేల్చుకుని కదపకండి. రోజూ గాలిని బట్టి తిప్పడాన్ని మాత్రం "బ్యాలెన్స్" అనకండి, జూదం అనండి.

ఆ డబ్బులు ఊళ్ళో ఇంటి మీద గది వేయిద్దామని దాచినవి. "ఏరా, సిమెంటు ఎప్పుడు తెప్పించమంటావ్?" అని నాన్న ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఇంకా చెప్పలేదు.

నన్ను తిట్టాలనుకున్నవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టండి. కాకపోతే ముందు మీ మూడేళ్ళ స్టేట్‌మెంట్ తీసి, బ్రోకరేజీ, పన్నులు పోను ఎంత మిగిలిందో చూసుకుని తిట్టండి.